దోసిట్లో నీళ్ళు

మా అమ్మాయి ఒకటో తరగతిలో ఉన్నప్పటి మాట. 2008 జనవరి. న్యూజెర్సీలో మేమున్న ఊళ్ళో ఆ వారమంతా ఒకటే చలి. బడి బస్సు దిగి ఇంట్లోకి వస్తూనే, బూట్లయినా విప్పకుండా, సంచీలోంచి ఒక కాగితం తీసి నా చేతిలో పెట్టింది. కాగితం నిండా పెద్ద మబ్బు బొమ్మ. మబ్బు లోపల నాలుగు గీతలు. పైన "నాకొక కల ఉంది" అని ఇంగ్లీషులో అచ్చు వేసి ఉంది. మిగతాది పిల్లలు పూరించాలి.

మా అమ్మాయి తన వంకర అక్షరాలతో పూరించింది: నాకొక కుక్కపిల్ల కావాలి. గోధుమరంగుది.

పక్కనే వాళ్ళ టీచరమ్మ పెన్సిలుతో వ్రాసిన మాట: "ఇది చక్కని కోరిక. మరి నీ కల ఏమిటి?"

"కోరికకీ కలకీ తేడా ఏంటి నాన్నా?" అని అడిగింది మా అమ్మాయి. మంగళవారంలోగా మళ్ళీ వ్రాసి తీసుకురమ్మన్నారట. సోమవారం సెలవు. మార్టిన్ లూథర్ కింగ్ పేరిట ఇచ్చే సెలవు.

ఆ తేడా ఏమిటో నాకూ వెంటనే తట్టలేదు. అసలు కల అన్న మాట మీద మనకేమంత గౌరవం లేదు. 'కలలు కంటున్నావా?' అని గదమాయిస్తాం. పగటికలలంటే పనికిమాలినవని అర్థం. అబ్దుల్ కలాం గారు ఊరూరా తిరిగి బడిపిల్లలకు కలలు కనమని చెప్పేదాకా, మన బళ్ళలో ఆ మాటకు మంచి అర్థం ఉందని ఎవరూ అనుకొన్నట్టు లేదు. నా చిన్నతనంలో నాకు ఎక్కాలు నేర్పినవారున్నారు, పద్యాలు అప్పజెప్పించుకొన్నవారున్నారు. నువ్వేం కావాలనుకొంటున్నావని అడిగినది మాత్రం ఒక్కరే, ఒక్కసారే. ఆ సంగతి తర్వాత వస్తుంది.

ఆ పూటకు తోచినది చెప్పాను. "కోరిక నీ ఒక్కదానికి. కల అందరికీ."

"చాక్లెట్లు పంచినట్టా?"

"దాదాపు అంతే."

తల ఊపి కాగితం తీసుకొని పోయింది. పని అయిపోయిందనుకొన్నాను.

* * *

ఇక్కడి బళ్ళలో పౌరహక్కుల పాఠం ఇంత చిన్నప్పుడే మొదలుపెడతారని నాకు అంతవరకూ తెలియదు. పౌరహక్కులంటే నాకు తెలిసినది వేరు. మన ప్రాంతంలో ఆ మాట వినగానే బాలగోపాల్ వంటివారు, నిజనిర్ధారణ కమిటీలు, పత్రికల్లో లోపలి పేజీల్లో వచ్చే చిన్న వార్తలు గుర్తుకు వస్తాయి. అది పెద్దల వ్యవహారం. అందులోనూ కాస్త ప్రమాదకరమైన వ్యవహారం. ఇక్కడేమో రంగు పెన్సిళ్ళతో, కత్తిరించిన కాగితపు చేతులతో, ఆరేళ్ళ పిల్లలకు అదే మాట చెబుతున్నారు.

ఇదంతా తేలికగా వచ్చింది కాదు. కింగ్‌ను 1968 ఏప్రిల్ 4న కాల్చి చంపారు. ఆయన పేరిట జాతీయ సెలవు ఇచ్చే చట్టం మీద సంతకం పడేసరికి 1983 అయింది. 1986 నుంచి జనవరి మూడో సోమవారం పాటిస్తున్నారు. యాభై రాష్ట్రాలూ ఒప్పుకొనేసరికి 2000వ సంవత్సరం వచ్చింది. అంటే మా అమ్మాయి పుట్టడానికి ఒక్క ఏడాది ముందు.

వాళ్ళ టీచరమ్మ ఆ వారంలో చెప్పిన కథల్లో మా అమ్మాయికి బాగా పట్టినది రూబీ బ్రిడ్జెస్ కథ. నల్లపిల్లలకూ తెల్లపిల్లలకూ వేరు వేరు బడులు ఉండరాదని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన 1954లోనే రూబీ పుట్టింది. ఆ తీర్పు ఆమె ఊరికి, అంటే న్యూ ఆర్లీన్స్‌కు, నడిచి వచ్చేసరికి పిల్లకు ఆరేళ్ళు నిండాయి. 1960 నవంబరు 14న తెల్లపిల్లల బడిలో ఒకటో తరగతిలో చేరింది. బడి బయట గుంపులు గుంపులుగా జనం, కేకలు, తిట్లు. అటూ ఇటూ ఫెడరల్ మార్షల్స్ కాపలా ఉండగా ఆ పిల్ల లోపలికి నడిచి వెళ్ళింది. తెల్లవాళ్ళు తమ పిల్లలను బడి మాన్పించారు. రూబీకి పాఠం చెప్పడానికి ఒప్పుకొన్నది బార్బరా హెన్రీ అనే టీచరు ఒక్కరే. ఖాళీ బల్లల మధ్య ఒక టీచరు, ఒక విద్యార్థిని. ఆ తరగతి అలాగే నడిచింది. ఆ నడకనే 1964లో నార్మన్ రాక్‌వెల్ బొమ్మగా వేశాడు: తెల్లగౌను వేసుకొన్న చిన్నపిల్ల, వెనక గోడ మీద విసిరికొట్టిన టమాటా మరక, కాపలావాళ్ళకు మెడ నుంచి కిందకే బొమ్మ. చిన్నపిల్ల ఎత్తులో నిలబడి చూస్తే పెద్దవాళ్ళు అంతవరకే కనబడతారు కాబోలు.

మా అమ్మాయి అడిగిన ప్రశ్న కోర్టు తీర్పు గురించి కాదు. "మరి ఆటల పీరియడ్‌లో ఎవరితో ఆడుకొంది?"

టీచరమ్మ ఆడిందట అన్నాను. అది చాలలేదు. "టీచర్ పెద్దావిడ కదా" అంది.

పిల్లలకు ఈ విషయం చెప్పడంలో ఉన్న సులువూ కష్టమూ రెండూ ఇక్కడే ఉన్నాయి. హక్కు అన్న మాట వాళ్ళకు అక్కర్లేదు. 'ఇది అన్యాయం' అనడం వాళ్ళకు పుట్టుకతోనే వచ్చు. రెండు లడ్డూలు పంచితే చాలు, ఏది పెద్దదో తేల్చేస్తారు. కష్టం ఆ తర్వాతి ప్రశ్నతో వస్తుంది. ఎందుకలా చేశారు? ఎవరు చేశారు?

ఆ రాత్రి పిల్ల నిద్రపోయాక, వాళ్ళ టీచరమ్మ చెప్పని భాగాలు చదువుతూ కూర్చున్నాను. 1963 మే నెలలో అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో బడిపిల్లలే వీధుల్లోకి వచ్చారు. వందల మందిని పట్టి జైళ్ళలో పెట్టారు. వాళ్ళ మీదకు అగ్నిమాపక గొట్టాలతో నీళ్ళు కొట్టారు, పోలీసు కుక్కలను వదిలారు. ఆ ఫొటోలు చూస్తూంటే బల్ల మీద మా అమ్మాయి కాగితం కనబడింది. గోధుమరంగు కుక్కపిల్ల. ఏ వయసుకు ఎంత చెప్పాలో ఈ టీచర్లు ఎలా తూచుకొంటారో అనిపించింది.

అదే ఊరి జైల్లో, అంతకు నెల ముందు, కింగ్ వ్రాసిన ఉత్తరం ఒకటి ఉంది. మత పెద్దలకు జవాబుగా వ్రాసినది. వాదం, చరిత్ర, తత్త్వం అన్నీ ఉన్న ఆ ఉత్తరంలో ఒకచోట ఆయన తండ్రిగా మాట్లాడతాడు. ఆయన ఆరేళ్ళ కూతురు టీవీలో ఫన్‌టౌన్ అనే వినోదాల పార్కు ప్రకటన చూసి అక్కడికి తీసుకెళ్ళమని అడిగింది. అక్కడికి నల్లపిల్లలను రానివ్వరని చెప్పడానికి నాలుక తిరగక తడబడిపోయానని, పిల్ల కళ్ళలో నీళ్ళు ఉబుకుతూంటే చూస్తూండవలసి వచ్చిందని వ్రాశాడు. అదే ఏడాది ఆగస్టు 28న వాషింగ్టన్‌లో దాదాపు రెండున్నర లక్షల మంది ఎదుట నిలబడి తన కల చెప్పిన మనిషి. ఆయనకే ఇంట్లో ఆరేళ్ళ పిల్ల ముందు మాట పెగల్లేదు.

ఆయన తడబాటుకు కారణం తన తప్పు కాదు. ఆ మర్నాడు నేను తడబడడానికి కారణం వేరు.

* * *

ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర రోజా పార్క్స్ కథ వచ్చింది. 1955 డిసెంబరు 1న మాంట్‌గొమరీ ఊళ్ళో బస్సులో తెల్లమనిషికి సీటు ఇవ్వనన్నందుకు ఆమెను అరెస్టు చేయడం, ఆ తర్వాత 381 రోజులు నల్లవాళ్ళు బస్సులెక్కకుండా నడిచి పనులకు పోవడం, ఇదంతా మా అమ్మాయి చేతులు తిప్పుతూ మాకు చెప్పింది. చెప్పి, "అప్పుడు మనం ఉంటే ఎక్కడ కూర్చునేవాళ్ళం నాన్నా? ముందా, వెనకా? మనం బ్రౌన్ కదా?" అంది.

ఈ ప్రశ్నకు నా దగ్గర మంచి సమాధానం ఉంది. రామ్ మనోహర్ లోహియా గారి సంగతి చెప్పాను. 1964 మేలో, పార్లమెంటు సభ్యుడిగా ఉంటూ అమెరికా వచ్చిన ఆయనను మిసిసిపీలోని జాక్సన్ ఊళ్ళో ఒక ఫలహారశాలలోకి రానివ్వలేదు. ఆయన ఊరుకోలేదు. మర్నాడు మళ్ళీ వెళ్ళాడు, పంచె కట్టుకొనే వెళ్ళాడు. అరెస్టు చేశారు. అమెరికా ప్రభుత్వం తర్వాత క్షమాపణ చెప్పింది. అలాంటి చోట్ల ఎవరినీ ఆపరాదనే పౌరహక్కుల చట్టం మీద జాన్సన్ సంతకం చేసినది ఆ తర్వాత అయిదు వారాలకు, జులై 2న.

"అంటే మనవాళ్ళు కూడా చేశారు!" అని పిల్ల సంబరపడింది. నేనూ సంబరపడ్డాను. ఆ ఊపులో ఇంకో సంగతీ చెప్పాను. 1965కు ముందు మన దేశం నుంచి ఇక్కడ స్థిరపడడానికి ఏడాదికి వందమందికి మాత్రమే వీలుండేది. పుట్టిన దేశాన్ని బట్టి మనుషులను లెక్కపెట్టే ఆ పద్ధతి, పౌరహక్కుల ఉద్యమం తెచ్చిన ఊపులోనే, 1965 అక్టోబరులో పోయింది. 1999లో నేను రెండు పెట్టెలతో ఇక్కడ దిగగలిగానంటే, దానికి నాకంటే ముందు ఎవరో నడిచారు, తన్నులు తిన్నారు. ఉద్యోగం నా ప్రతిభ వల్లే వచ్చిందనుకొని తిరుగుతాం గానీ ఈ ఋణం మనలో ఎందరికి గుర్తుంటుంది?

ఇంతవరకూ బాగానే ఉంది. పెరుగన్నం కలుపుతూండగా మా అమ్మాయి మళ్ళీ అడిగింది.

"ఇండియాలో కూడా ఇలా ఉండేదా?"

"ఉండేది. ఇంకోరకంగా."

"ఎవరు చేసేవాళ్ళు?"

"కొందరు."

"నాన్నమ్మావాళ్ళు కూడానా?"

మా ఆవిడ నా వంక చూసింది. నేను పెరుగన్నం వంక చూశాను.

* * *

మాది తెనాలి వైపు పల్లె. నాన్నగారికి పదెకరాల మాగాణి ఉండేది. 1980లో నేను మూడో తరగతి. మా బడి రెండు గదుల పెంకుటిల్లు. వసారాలో ఒక మూల, ఇసుక పోసి దాని మీద నీళ్ళ కుండ పెట్టేవారు. కుండ మీద మూత, మూత మీద సత్తుగ్లాసు. మేమందరం ముంచుకొని తాగేవాళ్ళం. మాలపల్లె నుంచి మా తరగతికి వచ్చే పిల్లలు నలుగురు. వాళ్ళు కుండ ముట్టుకోకూడదు. ఇలా అని ఎక్కడా వ్రాసి లేదు, ఏ మాస్టారూ చెప్పగా నేను వినలేదు. అందరికీ తెలుసు, అంతే. వాళ్ళకు దాహమైతే మాలో ఒకరు ముంచి పోయాలి. వాళ్ళు కొంచెం వంగి దోసిలి పట్టాలి.

నీళ్ళు పోసే పని వంతులవారీగా వచ్చేది. నా వంతు వచ్చిన వారం నాకు గర్వంగా ఉండేది. గ్లాసు చేతులకు తగలకుండా, ఎత్తు నుంచి, ధార తెగకుండా పోయడం ఒక విద్య. అది నాకు బాగా వచ్చునని పేరు. కొన్నిసార్లు ఇంకా పైకెత్తి పోసేవాణ్ణి. నీళ్ళు మోచేతుల మీదుగా కారి చొక్కా తడిసేది. అందరం నవ్వేవాళ్ళం. దోసిలి పట్టినవాడూ నవ్వేవాడు. అతనెందుకు నవ్వేవాడో నాకు అప్పుడు తోచలేదు.

ఆ నలుగురిలో ఒకతను లెక్కల్లో మా అందరికంటే ముందుండేవాడు. పేరు వ్రాయను. పదమూడో ఎక్కం నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. ఒకరోజు మాస్టారు ఏ కళనున్నారో, పుస్తకం మూసి, పెద్దయ్యాక ఎవరేం కావాలనుకొంటున్నారో చెప్పమన్నారు. నా వంతు వచ్చినప్పుడు ఆర్టీసీ బస్సు డ్రైవరునవుతానన్నాను. "పదెకరాల ఆసామి కొడుకువి, డ్రైవరేమిట్రా!" అని కోప్పడ్డారు. అతని వంతు వచ్చింది. లేచి నిలబడి, "కలెక్టరు" అన్నాడు.

మొదట నవ్వినది మాస్టారే. ఆయన చెడ్డవారు కారు. అతనికి పలక కొనిపెట్టినదీ ఆయనే. అయినా నవ్వారు. తర్వాత తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను, గట్టిగానే.

నా కల చిన్నదని కోప్పడ్డారు. అతని కల పెద్దదని నవ్వారు. ఎవరికి ఎంత కల ఉండాలో ఆ గదిలో అందరికీ తెలుసు, మూడో తరగతి పిల్లలతో సహా.

ఇది రాజ్యాంగం అమలులోకి వచ్చిన ముప్ఫై ఏళ్ళ తర్వాతి మాట. అంటరానితనాన్ని రద్దు చేస్తున్నామని 17వ అధికరణం చెబుతుంది. దుకాణాల్లో, హోటళ్ళలో, బావుల దగ్గర, చెరువుల దగ్గర కులం పేరిట ఎవరినీ ఆపరాదని 15వ అధికరణం చెబుతుంది. అమెరికా తన ఫలహారశాలల తలుపులు చట్టంతో తెరిపించడానికి పద్నాలుగేళ్ళ ముందే మనం ఈ మాట వ్రాసుకొన్నాం. అంటరానితనం నేరమన్న చట్టం 1955లో, అంటే రోజా పార్క్స్ బస్సు ఎక్కిన ఏడాదే వచ్చింది. 1976లో దానికి పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చారు. నాలుగేళ్ళు గడిచినా ఆ చట్టం మా బడి వసారా దాకా నడిచి రాలేదు. వచ్చి ఉంటే, దాని ప్రకారం నేరం చేస్తున్నది నా చెయ్యే.

హైదరాబాదులో పీజీ చదివే రోజుల్లో అంబేద్కర్ తన చిన్ననాటి సంగతులు చెప్పుకొన్న 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చదివాను. బళ్ళో ఆయన విడిగా, ఇంటి నుంచి తెచ్చుకొన్న గోనెపట్టా మీద కూర్చోవాలి. సాయంత్రం దాన్ని మళ్ళీ ఇంటికి తీసుకుపోవాలి. దాహమైతే తనంతట తాను కుళాయి తిప్పకూడదు, ప్యూను వచ్చి తిప్పాలి. ప్యూను లేని రోజు నీళ్ళు లేవు. పుస్తకాల్లో మనల్ని మనం వెతుక్కోవడం చదువరులందరికీ ఉన్న అలవాటే కదా. నాకు ఆ పేజీలో నేను కనిపించాను. గోనెపట్టా మీద కాదు, కుళాయి దగ్గర.

కింగ్ 1959లో మన దేశం వచ్చినప్పుడు త్రివేండ్రంలో దళిత విద్యార్థుల బడి ఒకటి చూడబోయాడు. ఆ బడి ప్రిన్సిపాలు ఆయనను పిల్లలకు పరిచయం చేస్తూ, అమెరికా నుంచి వచ్చిన మరో అంటరానివాడని చెప్పాడట. మొదట మనసు చివుక్కుమందనీ, కాసేపు ఆలోచించాక అది నిజమేననీ కింగ్ తర్వాత 1965లో ఒక ప్రసంగంలో చెప్పుకొన్నాడు. అక్కడి పిల్లలకు ఆయన తమవాడు. ఆదివారం భోజనాల దగ్గర నేను మా అమ్మాయికి లోహియాను చూపించి, మనం కూడా ఆ వరసలోవాళ్ళమేనని చెప్పబోయాను. మిసిసిపీలో అయితే ఆ మాట నిజమే. తెనాలి దగ్గర కాదు.

* * *

పెరుగన్నం తినడం అయ్యాక చెప్పాను. ఆరేళ్ళ పిల్లకు కులం ఏమిటో నేను చెప్పలేకపోయాను. నాకు వచ్చినట్టు కుండ సంగతి చెప్పాను. కొందరు పిల్లలను కుండ ముట్టనిచ్చేవారు కాదని, వాళ్ళకు నేను పైనుంచి నీళ్ళు పోసేవాణ్ణని, అలా పోసి నవ్వేవాణ్ణని చెప్పాను. నాన్నమ్మ ఇంట్లో పొలం పనికి వచ్చేవాళ్ళ గ్లాసు వేరేగా చూరులో ఉండేదని చెప్పాను.

మా అమ్మాయి చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "నువ్వు చెడ్డవాళ్ళ వైపా?" అంది.

అవునని గానీ కాదని గానీ అనడం తేలిక కాలేదు. "అది తప్పని నాకు అప్పుడు తెలియదు" అన్నాను.

"ఆ అబ్బాయికి తెలుసా?"

"తెలిసే ఉంటుంది."

"మరి ఆయన్ని అడగొచ్చు కదా" అంది. తర్వాత, "సారీ చెప్పావా?" అంది.

లేదన్నాను. అతను అయిదో తరగతి తర్వాత మా ఊరి బడికి రాలేదు. హాస్టల్లో చేర్పించారన్నారు. నేను వెతకలేదు.

మర్నాడు సెలవు. సాయంత్రం కాగితం చూపించింది. కుక్కపిల్ల చెరిగిపోలేదు. దాని ముందు రెండు మాటలు మారాయి, అంతే. అందరికీ ఒక కుక్కపిల్ల ఉండాలి. ఏ రంగుదైనా సరే. టీచరమ్మ దాని మీద బంగారు రంగు చుక్క అంటించి పంపింది. నేను చెప్పినదంతా పిల్ల బుర్రలో ఏమయిందో ఆ కాగితం చూస్తే తెలియలేదు. కొన్నాళ్ళకు నేనూ మరచిపోయాను.

* * *

2011 వేసవిలో మా ఊరు వెళ్ళాం. పిల్లకు పదేళ్ళు. ఒక మధ్యాహ్నం కొబ్బరికాయలు దింపడానికి ఒక మనిషి వచ్చాడు. పని అయ్యాక అమ్మ అతనికి గ్లాసుతో మంచినీళ్ళు ఇప్పించింది. స్టీలు గ్లాసే, మేం తాగేలాంటిదే. చూరు ఎప్పుడో పోయింది, డాబా వేశాం. అతను తాగి, గ్లాసు తనే కుళాయి కింద కడిగి, పిట్టగోడ మీద బోర్లించి వెళ్ళిపోయాడు. ఎవరూ అతనికి ఏమీ చెప్పలేదు.

గ్లాసు ఆ గోడ మీదే ఉండిపోయింది. సాయంత్రం దాకా ఎవరూ లోపలికి తేలేదు. నేను రెండుసార్లు దాని పక్కనుంచే నడిచాను. మా అమ్మాయి అరుగు మీద కూర్చొని పుస్తకం చదువుకొంటూ ఆ గ్లాసును చూస్తోందని నాకు తెలియదు. దీపాలు పెట్టే వేళకు లేచి వెళ్ళి, గ్లాసు తీసి, వంటింట్లో మా గ్లాసుల వరసలో పెట్టింది. దానితోనే బిందెలో నీళ్ళు ముంచుకొని తాగింది. ఎవరితోనూ ఏమీ అనలేదు.

అమ్మ చూసింది. ఆమె కూడా ఏమీ అనలేదు. రాత్రి డాబా మీద పక్కలు పరుస్తూంటే మెల్లగా అడిగింది.

"నువ్వు చెప్పావుట్రా దానికి?"

"చెప్పానమ్మా."

"అన్నీ చెప్పాలా పిల్లలకి?" అంది. కాసేపాగి, "మన గుమ్మంలోంచి ఎవర్నీ ఆకలితో పంపలేదురా నేను" అంది.

అది నిజం. ముద్ద పెట్టకుండా మా అమ్మ ఎవరినీ పంపలేదు. చూరులో గ్లాసూ నిజం. ఈ రెండు నిజాలనూ ఒకచోట పెట్టుకొని ఆ రాత్రి ఆమె చాలాసేపు నిద్రపోలేదు. నేనూ పోలేదు. అమ్మ 2018లో పోయింది. ఆ గ్లాసుల వరసలో మళ్ళీ తేడా రాలేదు; ఆ మాట మాత్రం ఆమె తరఫున చెప్పాలి.

అమ్మ ప్రశ్న గురించి ఇన్నేళ్ళుగా ఆలోచిస్తూనే ఉన్నాను. అన్నీ చెప్పాలా? కుక్కల ఫొటోలు ఆరేళ్ళకు చూపనవసరం లేదు. కారంచేడు, చుండూరు ఆ వయసుకు చెప్పలేం. నేను చెప్పలేదు, దానికి పదిహేనేళ్ళు వచ్చాక చెప్పాను. కానీ కుండ సంగతి చెప్పవచ్చుననే నా నమ్మకం. ఎక్కడో అలబామాలో ఎవరో చెడ్డవాళ్ళు ఉండేవారని మాత్రం చెప్పి ఊరుకొంటే, అన్యాయమంటే పరాయివాళ్ళు చేసేదని నేర్చుకొంటారు. అప్పుడు పిట్టగోడ మీద బోర్లించిన గ్లాసు వాళ్ళకు కనబడదు. నాకు కనబడనట్టే. కలలు కనమని చెప్పేటప్పుడు కూడా, తమ పక్కన కూర్చొన్నవాడి కల విని నవ్వకూడదని చెబితే తప్ప ఆ పాఠం పూర్తి కాదనిపిస్తుంది. మీలో ఎవరైనా మీ పిల్లలకు ఇటువంటివి చెప్పి ఉంటే ఎలా మొదలుపెట్టారో, పిల్లలు ఏమడిగారో వ్రాయండి. నాకు తెలుసుకోవాలని ఉంది.

చివరిగా ఒక మాట. అదే వేసవిలో ఊళ్ళో వాకబు చేస్తే అతని సంగతి తెలిసింది. కలెక్టరు కాలేదు. రైల్వేలో ఉద్యోగం, విజయవాడలో ఇల్లు, పిల్లలిద్దరూ చదువుకొంటున్నారన్నారు. వాళ్ళ బంధువొకాయన ఫోను నంబరు వ్రాసి ఇచ్చాడు. ఆ చీటీ నా దగ్గర ఉంది. ఫోను మార్చినప్పుడల్లా అందులోకి ఆ నంబరు ఎక్కిస్తూనే ఉన్నాను. ఏమని మొదలుపెట్టాలి? నేను ఫలానా, నీ దోసిట్లో నీళ్ళు పోసినవాణ్ణి అనా? నా మనసు తేలికపడడం కోసం అతని దాహం మళ్ళీ గుర్తుచేయడం కూడా ఎత్తు నుంచి నీళ్ళు పోయడమేనేమో. ఇలా అనుకొంటూ ఆగిపోతాను. పిరికితనానికి ఇంత మంచి కారణం దొరకడం కూడా అనుమానించవలసిన విషయమే.

మా అమ్మాయి ఇప్పుడు వేరే ఊళ్ళో ఉద్యోగం చేసుకొంటోంది. గోధుమరంగు కుక్క ఒకటి ఉంది దానికి. ఏటా జనవరి మూడో సోమవారం తప్పకుండా ఫోను చేస్తుంది. కుక్క కబుర్లు, పని కబుర్లు అన్నీ అయ్యాక, పెట్టేసే ముందు ఒకటే అడుగుతుంది.

"మాట్లాడావా నాన్నా?"